సింకు కింది మిషన్

బాన్సువాడ
మిరుగం కార్తె వెళ్లిన తెల్లారి

సంగీతకు, వదిన అరుణమ్మ రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం. అక్కడ నువ్వు మంచిగున్నవని మీ అన్న చెప్తుండు. నాకు సొంతంగ తెలిసే దారి లేదు. గృహప్రవేశం నాడు పందిట్ల అందరు బువ్వ తింటుండంగ, "ఇగ నాకు ఫోన్ చెయ్యకు వదినా" అని నువ్వే అంటివి. పెద్దదాన్ని, నీ మాట మన్నించాలె గదా. ఫోన్ చేస్తలేను. ఉత్తరం రాయొద్దని మాత్రం నువ్వు అనలేదు. బడి మానేసినంక కాయితం మీద ఇంత రాసుడు ఇదే మొదలు. అక్షరాలు వంకర పోతే నీ మనసు లెక్కనే ఉన్నయనుకొని చదువుకో.

నేనన్న మాట ఏందో మళ్లొకసారి చూడు. మీ ఆలుమగలు తెచ్చిన డబ్బ విప్పితే లోపల ఇనుప రోలు లెక్క ఒకటున్నది. "సింకు కింద బిగిస్తే ఎంగిలి, తొక్కలు అన్ని మెత్తగ రుబ్బి మోరీల పంపిస్తది" అని మీ ఆయన బాలకృష్ణన్న చెప్పిండు. "మా బర్రె ఊకెనే చేసే పనికి మిషన్ ఎందుకన్నా" అని నేనన్న. గంతే. పందిరంత నవ్వింది. నీ ఒక్కదానికి నవ్వు రాలే. సొంత షాపు సామాను సొంత అన్నకు తెచ్చిచ్చి, అది మిషన్ కాదు మీ ఇంటి పరువన్నట్టు చెయ్యి కడుక్కొని లేచిపోతివి.

ఇగ శుభవార్త. మీ మిషన్ పనిచేస్తుంది. ఇంటికి ఎవలొచ్చినా మీ అన్న దేవునర్ర చూపెడుతలేడు, సింకు చూపెడుతుండు. వచ్చినోళ్లను చెప్పులు ఇప్పంగనే వంటింట్లకు తోలుకపోయి, పిడికెడు బువ్వ ఏసి స్విచ్ నొక్కుతడు. వడ్ల మిల్లు తిరిగినట్టు చప్పుడైతది. వాళ్లు "అబ్బో" అంటరు. మీ అన్న మీసం సదురుకుంటడు. ఇన్నేండ్లు వరి, చెరుకు పండించినా గంత మర్యాద దొరకలే పాపం.

నేను గూడ అలవాటు పడ్డ. ఊళ్లె బర్రెలను అమ్ముకొని వచ్చినం గదా, కుడితి పోసేతందుకు ఏదీ లేక నా చెయ్యి ఊకుంటలేదు. గందుకే అన్ని దీనికే పెడుతున్న. ఉల్లిగడ్డ పొట్టు, కల్యామాకు పుల్లలు, మునక్కాడ పిప్పి, మిగిలిన బువ్వ. ఏదేసినా మింగుతది. పాలియ్యదు, గదొక్కటే లోటు.

కింది పోర్షన్ కిరాయికిచ్చినం. జమ్లి అని, గురుకులంల లెక్కల టీచర్. జుక్కల్ దిక్కు తండా వాళ్లు. మొగడు దేవదాస్ సబ్‌స్టేషన్‌ల పనిచేస్తడు. ఒక్క ఆడపిల్ల. మంచోళ్లే. కాని వాళ్ల సింకుల నీళ్లు నిలవడుతున్నయట, దిగుతలేవట. రెండుసార్లు చెప్పింది. ఏమేస్తుండ్రో ఏమో. మీ అన్న చూస్తనన్నడు.

నీ వదిన
అరుణమ్మ


పెద్ద కొడప్‌గల్
ఆషాఢం, ముసురు పట్టిన రోజు

వదినకు,

ఉత్తరం అందింది. పోస్టుమన్ చేతిల పెట్టి కదుల్తలేడు. ఏమైందంటే, మా ఇంటికి కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు తప్ప చేతిరాత ఏదీ రాలేదట, ఎవలు పోయిండ్రో కనుక్కుందామని నిలవడ్డడు. మా వదిన బతికే ఉన్నదని చెప్పి పంపిన.

పరువు సంగతంటవా, నిజమే చెప్తున్న. ఆ మిషన్ మా షాపు అద్దాల రెండేండ్లు కూసున్నది. పెద్ద కొడప్‌గల్‌ల దాన్ని అడిగినోళ్లు లేరు, దుమ్ము తుడిచినోళ్లం మేమే. అయినా కుప్పల పారేసేది కాదు, కొత్తదే, ఇష్టంగ తెచ్చిచ్చినం. ముచ్చటగ ఇచ్చినదాన్ని నువ్వు బర్రెతోని తూకం ఏస్తివి.

ఏసినవు గనుకనే చెప్తున్న. అది బర్రె కాదు వదినా. బర్రె అయితే పడనిదాన్ని మూతితోని పక్కకు తోస్తది. మిషన్‌కు గా తెలివి లేదు, ఏసింది ఏసినట్టు మింగుతది. కాబట్టి తెలివి ఏసేటోళ్ల దిక్కెల్లి రావాలె. నీ దిక్కెల్లి అన్నట్టు.

మా ఆయన బిగించిననాడే మీకు చెప్పిండు, అన్న అప్పుడు ఎవలికో చూపెట్టే పనిల ఉండె. మళ్ల చెప్తున్న. ముందుగాల సల్లనీళ్ల నల్లా ఇప్పాలె, తర్వాత స్విచ్ ఏయాలె, తర్వాత ఇంత ఇంత ఏయాలె. బిందెలు బోర్లించినట్టు కాదు. రుబ్బుడు చప్పుడు పలుచబడినంక గూడ జరసేపు నీళ్లు పోనియ్యాలె, రుబ్బిన పిండి పైపుల ఆగకుంట మోరీ దాక పోవాలె గదా. వేడినీళ్లు పోసినవనుకో, నెయ్యి, నూనె కరిగి లోపలికి పోతయి, సల్లబడంగనే పైపు గోడకు మైనం లెక్క పేరుకుంటయి. బువ్వ కుప్పలు ఏయొద్దు, అది లోపల ఉబ్బి బంక అయితది. ఇగ నువ్వు మురిసిపోతా రాసినవు చూడు, కల్యామాకు పుల్లలు, మునక్కాడ పిప్పి, అవి తెగయి. తాడు పేనినట్టు పేనుకుంటయి. బొక్కలు వద్దు. ఏమన్న ఇరికితే స్విచ్ బంద్ చేసి పట్టుకారుతోని తియ్యాలె, చెయ్యి పెట్టొద్దు. చెయ్యి గూడ మింగుతది, నీది అని చూడదు.

ఒక ముచ్చట అడుగుత. కింద నీళ్లు నిలవడుడు మిషన్ బిగించక ముందా, బిగించినంకనా? ఊకెనే అడుగుతున్న.

సంగీత


బాన్సువాడ
గణపతి నిమజ్జనం అయిన తర్వాత

సంగీతకు,

నీ పాఠం చదివిన. జమ్లి బడిల నీ అసొంటి టీచర్ ఒకరుంటే పిల్లలు భయానికే పాసైతరు. నువ్వు చెప్పిన పద్ధతులన్ని తూచా తప్పకుంట పాటిస్తున్న. నల్లా ముందే ఇప్పుతున్న. గుర్తున్నప్పుడు.

ఈసారి మా గల్లీ గణపతికి ప్రసాదం మా ఇంట్లనే వండినం. పెద్ద గంజు నిండ పులిహోర. వాన పడి జనం రాలే. సగం గంజు మిగిలింది. గల్లీ అంత పంచినం, కింద జమ్లి వాళ్లకు గూడ పెద్ద గిన్నె పంపిన. తెల్లారి దాక ఉన్నది వాసన పడ్డది. దేవుని ప్రసాదం కుప్పల పారేస్తే పాపం గదా, గందుకే మిషన్‌ల ఏసిన. మరీ బిందెలు బోర్లించినట్టు ఏం ఏయలే. గిన్నెలతోని ఏసిన. నెయ్యి గిన్నె జిడ్డుగున్నదని ఎసరు కాగినంక ఆ నీళ్లు పోసిన. గమ్మున దిగిపోయింది. ఆ మిషన్‌కు దండం పెట్టాలె.

జమ్లి బడికి పోయేటందుకు తయారై, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని మెట్లెక్కి వచ్చింది.

"అమ్మా, మా సింకుల పులిహోర వచ్చింది" అన్నది.

"వస్తది మరి, నిన్న ప్రసాదం పంపితిమి గదా."

"మేం తిన్నం అమ్మా. గిన్నె కడిగి మీకు తిరిగిచ్చినం. ఇది పైకొచ్చింది. పొంగి వంటిల్లంత నిండింది. బియ్యం డబ్బలకు పోయింది."

మీ అన్న పేపర్ మడిచి లేచిండు. "తినలేకపోతే తినలేదని చెప్పాలె. సింకుల పారేసి మా మీదికి వస్తరేంది" అన్నడు. ఆమె మీ అన్నను చూసింది, నన్ను చూసింది, "మీరు ఒక్కసారి కిందికి వచ్చి చూడుండ్రి" అన్నది. ఎవలు పోతరు ఆ వాసనల. ఇల్లు కొత్తది, పైపులు కొత్తయి, మొదటినుంచి రోజుకొక ఫిర్యాదు. నెల ఎల్లంగనే ఖాళీ చెయ్యుమని మీ అన్న చెప్పిండు. మర్యాదగనే చెప్పిండు, గొంతు గూడ లేపలే.

వాళ్లది గూడ తప్పు అనలేం లే. తండాల బోరింగు కాడ బోల్లు తోముకున్నోళ్లకు సింకు ఎట్ల వాడుతరో ఏం తెలుస్తది. మా గల్లీల ఉండే ఏడుకొండలు భార్య మొన్న గుడి కాడ అడిగింది, "మా పోర్షన్ ఖాళీ ఉన్నది, మీ కిరాయిదారు టీచరమ్మ అడుగుతుంది, ఎట్లాంటోళ్లు" అని. ఉన్నదున్నట్టు చెప్పిన. మహిళా సంఘంల, కిరాణ దుకాణంల గూడ ముచ్చట వస్తే చెప్పిన. అబద్ధం ఆడుడు నాకు చేతకాదు.

అరుణమ్మ


పెద్ద కొడప్‌గల్
పెద్దలకిచ్చే పెతరమాసకు ముందు

వదినకు,

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించిన. సగంల ఆపుమన్నడు. అన్నం తింటున్నడట.

నాకు ఒకటే అర్థమైతలేదు. పైన నువ్వు సగం గంజు పులిహోర ఏసినవు. కింద సింకుల పులిహోర ఎల్లింది. ఈ రెండింటికి సంబంధం లేదని మా అన్న, నువ్వు ఇద్దరు కూసొని తేల్చిండ్రు. మీ ఇద్దరిని కోర్టుల కూసోబెడితే కేసులన్ని ఒక్కపూటల ఒడుస్తయి. నీళ్లు పైకెల్లి కిందికి పోతయా, కిందికెల్లి పైకి పోతయా వదినా? మీ వంటింటి పైపు గోడలకెల్లి దిగి, వాళ్ల సింకు పైపుతోని కలిసి, అప్పుడు మోరీకి పోతది. ఆ కలిసే జాగ కింద అడ్డం పడితే, నువ్వు ఏసింది ఎక్కడికి పోవాలె? నీ దగ్గరికి తిరిగి రాదు, అంత పైకి ఎక్కలేదు. దగ్గరున్న సింకులకెల్లి ఎల్లుతది. అది వాళ్లది.

ఇగ నవ్వులాట కాని ముచ్చట ఒకటున్నది.

మా షాపు ముందట అంగడి నాడు కూరగాయలు అమ్మే భీమ్లి, జమ్లి తల్లి. నీకు తెల్వదు. నాకూ మొన్ననే తెలిసింది. వంకాయలు ఏరుకుంటుంటే, "బిడ్డ ఎట్లున్నది" అని అడిగిన. "ఇల్లు కోసం తిరుగుతుంది. ముందుగాల ఉన్నదంటరు, పేరు చెప్పినంక లేదంటరు. ఇప్పుడు కొత్తగ ఇంకొక మాట అంటున్నరు, మీకు సింకు వాడరాదంట గదా అని. నా బిడ్డ ఎమ్మెస్సీ చదివింది అక్కా, సింకు వాడరాదా" అన్నది. నాకు వంకాయల మీదికెల్లి కండ్లు లేవలే. ఆ మాట పుట్టిన ఇంటి ఆడబిడ్డను నేనే అని చెప్పలేకపోయిన. పైసలిచ్చి వచ్చిన.

నువ్వు ఒక్క పని చెయ్యి. వారం రోజులు మిషన్ బంద్ పెట్టు. తొక్కలు, ఎంగిలి బకీట్‌ల ఏసి చెత్తబండికియ్యి. పైపు కడిగిపియ్యి. అప్పుడు గూడ వాళ్ల సింకు పొంగితే నేను పందిరంత వినేటట్టు తప్పైంది అని అంట. పొంగకపోతే నువ్వేం చేస్తవో నువ్వే చూసుకో.

సంగీత


బాన్సువాడ
దసరా ఎల్లినంక

సంగీతకు,

కిరాయిదార్ల తరఫున వకీలు పెట్టుకున్నరని తెల్వదు. ఫీజు ఎంత తీసుకుంటున్నవో, వంకాయలల్లనా, కొత్తిమీరలనా.

నా ఇంట్ల నేనేసింది నా పైపుల పోతదా పోదా అని పెద్ద కొడప్‌గల్‌ల కూసొని నువ్వు చెప్తవు. నీ మొగడు షాపుల పైపులు అమ్ముతడు గని, నువ్వు పైపుల దూరి చూసినట్టు రాస్తివి. మీ అన్నకు నీ ఉత్తరం చూపెట్టలే. చూపెడితే మా ఇంటికి నీ రాకడ బంద్ అయితది. నీ మంచికే దాచిన.

జమ్లి వాళ్లు పండుగకు ముందే ఖాళీ చేసిపోయిండ్రు. పోయేముందు వంటిల్లు ఊడ్చి, తుడిచి, సింకు తళతళ తోమి, తాళంచెవి నా చేతిల పెట్టింది. ఏమన్న అంటే బాగుండు, నేను గూడ నాలుగు అందును. మొగడు ట్రాలీ ఆటోల సామాను కడుతుంటే ఆ పిల్ల మెట్ల మీద కూసొని నన్నే చూసింది.

ఎక్కడికి పోయిండ్రో నేను అడుగలే.

ఇగ ఫికర్ లేదు. కింది ఇల్లు తాళం ఏసి ఉన్నది. ఎవలూ వచ్చి పులిహోర, పప్పుచారు అని లెక్కలు చెప్తలేరు. మిషన్ ఒకసారి గుర్రుమని ఆగింది, మీ అన్న దాని అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కితే మళ్ల నడిచింది. మక్కకంకుల పీచు ఎక్కువైందేమో. నీ వారం బంద్ సంగతా, కిరాయిదార్లే పోయినంక పరీక్ష ఎవలికి పెట్టాలె?

హరనాథబాబు అని బ్యాంకు ఆఫీసర్, బదిలీ మీద వచ్చిండు. ఆలుమగలిద్దరు పద్ధతి గలోళ్లట. దీపావళి ఎల్లినంక ఇల్లు చూడనీకి వస్తరు.

అరుణమ్మ


పెద్ద కొడప్‌గల్

వదినా,

మంచిది. వాళ్లు పోయిండ్రు. పైపు ఇంకా అక్కడనే ఉన్నది.

సంగీత


బాన్సువాడ
కార్తీక సోమవారం

సంగీతా,

ఎవలో చెప్పకముందే నేనే రాస్తున్న. బాలకృష్ణన్న నీకు చెప్పే ఉంటడు, అయినా నా నోటితోని విను. నువ్వు నవ్వుకునేతందుకు దీంట్ల మస్తు సరుకున్నది, తాపీగ కూసొని చదువు.

ఆదివారం హరనాథబాబు, ఆయన భార్య వచ్చిండ్రు. మీ అన్న తెల్లబట్టలు కట్టిండు. ఇల్లు చూడనీకి వచ్చినోళ్లను ముందుగాల ఎక్కడికి తీసుకపోయిండో నీకు చెప్పే పని లేదు. మా వంటింట్లకే. అప్పుడే నేను వాళ్లకు పెట్టిన సంత్ర పండ్ల తొక్కలు పళ్లెంల ఉన్నయి. అన్ని ఒక్కసారి సింకుల తోసి స్విచ్ ఏసిండు. మిల్లు చప్పుడైంది. ఇల్లంత కమ్మని వాసన. "చూసిండ్రా సార్, ఒక్క ఈగ ముసరదు" అన్నడు. ఆయన తలూపిండు. ఆమె గూడ తలూపింది. నాకైతే మిషన్ తెచ్చిచ్చిన మీ మీద గర్వంగనే అనిపించింది, ఇప్పుడు చెప్తే ఏం.

అందరం కిందికి దిగినం. మీ అన్న తాళం తీసిండు.

వాసన ముందుగాల వచ్చి మమ్ములను ఎదురుకున్నది. తర్వాత నీళ్లు వచ్చినయి, గడప దాటి హరనాథబాబు చెప్పుల కిందికి. హాలంత పలుచగ పారి, ఎండి, మళ్ల పారి, అట్ల ఎన్నిసార్లు పారిందో. వంటింట్ల మడమ లోతున్నది. బువ్వ నాని మెత్తగ ఉబ్బింది. మక్కకంకుల పీచు, కల్యామాకు పుల్లలు, పొద్దుగాల మేం తిన్న ఉప్మా. కొత్త అల్మారీల తలుపులు కింద ఉబ్బి నోర్లు తెరిచినయి.

హరనాథబాబు భార్య కొంగు ముక్కుకు పెట్టుకొని, "ఈ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగింది.

"లేరమ్మా. ఖాళీ చేసి మస్తు రోజులైంది" అన్నడు మీ అన్న.

"మరి వంట ఎవరు చేసుకున్నారు?"

మీ అన్న మీసం సదురుకుంటుండంగ సింకుల బుడబుడ అన్నది. అందరం అటే చూసినం. నిండిన నీళ్ల మీదికి సంత్ర తొక్క తురుము లేచింది. పచ్చిగ, రంగు గూడ పోలేదు. కమ్మటి వాసన. మేం మెట్లు దిగేలోపల మా కంటె ముందే దిగి కూసున్నది.

హరనాథబాబు మంచోడు, మీ అన్నతోని మెల్లగనే అన్నడు. "పండరి గారూ, ఇది ఇందాక పైన మీరు వేసిందే కదా."

ఇల్లు వద్దని గూడ చెప్పలే, చెప్పే అవసరం ఏమున్నది. చెప్పులు మా నల్లా కాడ కడుక్కొని పోయిండ్రు.

మీ అన్న బాలకృష్ణన్నకు ఫోన్ చేసిండు. ఆయన సాయంత్రానికే మోటార్‌సైకిల్ మీద వచ్చి, గోడ బయట పైపు కలిసే జాగ ఇప్పిండు. కొక్కెం పెట్టి గుంజితే తాడు లెక్క వచ్చింది, మూరెడు, బారెడు. మునక్కాడ పీచు, పుల్లలు పేనుకొని, మధ్యల బువ్వ బంక, మీద తెల్లగ నెయ్యి పేరుకొని. నువ్వు రాసినట్టే, ఒక్క మాట గూడ తప్పులేదు. నీకు జోతిషం చెప్పే దుకాణం పెట్టిస్త.

మీ అన్న వంగి ఒక కట్టెతోని దాన్ని కెలుకుతుండు. ఏం ఎతుకుతుండో నాకు తెలుసు. ఒక్క పేలిక, ఇన్ని ఎంటికెలు, చిన్నపిల్ల బొమ్మ, వాళ్లది ఏదన్న ఒకటి దొరకాలని. అబద్ధం ఎందుకు, నేను గూడ దేవునికి మొక్కుకున్న, దొరకాలని. ఏం దొరకలే. అంత మాదే.

బాలకృష్ణన్న చేతులు కడుక్కుంటా ఒక్కటే అన్నడు. "బావా, మిషన్ మంచిదే. దాని తప్పేం లేదు." మీ అన్న కట్టె పారేసి పైకి పోయిండు. బువ్వ తినలే.

జమ్లి ఇప్పుడు ఎక్కడుంటుందో నీకు తెలుసా? వాళ్ల తల్లిని అడిగి రాయి. వంకాయలు కొనేటప్పుడు.

అరుణమ్మ


పెద్ద కొడప్‌గల్

వదినకు,

నవ్వుకునేతందుకు సరుకు మస్తే పంపినవు. సంత్ర తొక్కల దాక నవ్విన. ఆ తర్వాత, దొరకాలని మొక్కుకున్ననని రాసినవు చూడు, అక్కడ ఆగింది.

వాళ్లెక్కడున్నరో నేను భీమ్లిని అడగాల్సిన పని లేదు, నాకు తెలుసు. మా ఆయన దగ్గర సామాను కొనే మేస్త్రికి గురుకులం వెనుక గల్లీల రెండు రేకుల గదులున్నయి. నేనే మాట్లాడి ఇప్పిచ్చిన, దసరాకు ముందే. నీకు చెప్పలే. చెప్తే, నా కిరాయిదార్లను నాకు తెల్వకుంట ఎత్తుకపోయినవని ఇంకొక ఉత్తరం రాస్తవు. అప్పటికే నీ చేతిరాతతోని పోస్టుమన్ పరేషాన్‌ల ఉన్నడు.

పోతే పో. ఒక్కదానివే పో, అన్నను తోలుకపోకు. మిఠాయి డబ్బ పట్టుకపోకు, పిల్లకు గౌను పట్టుకపోకు. అవి పట్టుకపోతే వాళ్లు మర్యాదకు తీసుకోవాలె, మర్యాదకు పోనీ అనాలె, నువ్వు తేలికై ఇంటికి రావాలె. పని అంత సల్లగ ఒడుస్తది. గట్ల ఒడువొద్దు.

సంగీత


బాన్సువాడ
ధనుర్మాసం మొదలైంది

సంగీతా,

ఒట్టి చేతులతోనే పోయిన. చేతులు ఎక్కడ పెట్టుకోవాలెనో తెల్వక కొంగు పట్టుకొని నిలవడ్డ.

జమ్లి పరీక్ష పేపర్లు దిద్దుతుంది. నన్ను చూసి లేచింది. "కూసోండి అమ్మా" అని కుర్చీ తుడిచి ఏసింది. పిల్ల లోపలికి పోయింది. నీళ్లిచ్చింది. "పైపు ఇప్పినం బిడ్డా, అంత మాదే ఎల్లింది. తప్పైంది" అన్న.

"నాకు తెలుసు అమ్మా" అన్నది.

"మళ్ల వచ్చెయ్యండి. ఇల్లంత కడిగిపిచ్చినం, అల్మారీలు మారుస్తున్నం."

"ఇల్లు దొరికింది. ఎండకు కాలుతది గని మంచిగనే ఉన్నది. బడి దగ్గర."

"నేను ఇంకేం చెయ్యాలె చెప్పు" అన్న. నాకు తెలుసు, గట్ల అడుగుడు గూడ ఆమె మీద బరువు ఏసుడే. అయినా అడిగిన.

ఆమె కలానికి మూత పెట్టింది. "నాకు చెప్పే పని లేదు అమ్మా. ఆ పులిహోర ఎవలదో నాకు ఆనాడే తెలుసు. తెల్వనోళ్లకు చెప్పుండ్రి. మీరు ఎవలెవలికి చెప్పిండ్రో వాళ్లకు." గొంతు లేపలే. మీ అన్న గొంతు లేపకుంట మాట్లాడితే మర్యాద అని రాసిన నేను. ఇది ఇంకొక తీరు.

అక్కడికెల్లి ఇంటికి వచ్చి రెండు రోజులు ఎటూ పోలే. మోకాళ్లు నొస్తున్నయని మీ అన్నకు చెప్పిన. మోకాళ్లకు ఏం కాలే.

మూడో నాడు ఏడుకొండలు ఇంటికి పోయిన. ఆయన భార్య పాలకూర తుంపుతుంది. "నేను నీకు చెప్పింది అబద్ధం. సింకు నేనే పాడు చేసిన, వాళ్ల మీద ఏసిన" అన్న. ఆమె తుంపుడు ఆపలే. "నువ్వు చెప్తేనే గదా మేం వద్దన్నం. లేకుంటే మాకేం పట్టింపు" అన్నది. ఆ మాట నిజమో కాదో ఆ పాలకూరకు తెల్వాలె. కాని నేను చెప్పిన మాట ఆమెకు పనికొచ్చింది, అది మాత్రం నిజం. తర్వాత ఆమె మనిషిని పంపిచ్చిందట, పోర్షన్ ఇస్తమని. జమ్లి అక్కర లేదన్నదట.

కిరాణ దుకాణంల చెప్పిన. ఆయన ఉప్పు ప్యాకెట్ చేతిల పెట్టి, ఇంకేం కావాలె అన్నడు.

సంఘం మీటింగుల చెప్పుడు కష్టమైంది. అందరు ఉన్నరు. లేచి నిలవడి చెప్పిన. నా సింకుల నేనేసిన బువ్వ వాళ్ల ఇంట్ల ఎల్లింది, తండా వాళ్లకు సింకు వాడరాదని మీ అందరికి చెప్పిన, వాడరానిది నాకే అని. కొందరు నవ్విండ్రు. ఆ నవ్వు నేను పడాల్సిందే, పడ్డ. వెనకకెల్లి ఒకామె, "పోనీ తియ్యి అరుణక్కా, ఈసారి సింకు నీదే గావచ్చు, అయినా వాళ్లు గంతే గదా" అన్నది. నన్ను ఓదారుస్తుంది ఆమె. నాకు నవ్విన దానికంటె అది ఎక్కువ తాకింది. నేనే నేర్పిన పాఠం నాకే అప్పజెప్తున్నట్టు. "ఎట్ల గంతే? చెప్పు, ఏం చేసిండ్రు" అని అడిగిన. నేను కూసోలే. ఆమె ఏదో ఒకటి అనేదాక, లేదు అనేదాక నిలవడ్డ. "ఏం చెయ్యలే, ఊకెనే అన్న" అని ఆఖరుకు అన్నది. ఆమెకు ఇప్పుడు నా మీద కోపం. ఉండనీ.

మీ అన్న నా ఎంబడి ఎక్కడికీ రాలే. ఇంటికి వచ్చినోళ్లకు ఇప్పుడు దేవునర్రనే చూపెడుతుండు. మిషన్ గురించి అడిగితే, రిపేరు ఉన్నదంటడు. మనిషి మారిండని రాస్తే నువ్వు నమ్మవు, నేను గూడ రాయను.

గిదీ సంగతి. నాకు ఏం తేలికగ లేదు. నువ్వు అన్నట్టే.

అరుణమ్మ


పెద్ద కొడప్‌గల్
అంగడి తెల్లారి

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నిన్న భీమ్లి కాడికి పోయిన. ఈసారి నేనెవలో చెప్పిన, ఆ ఇంటి ఆడబిడ్డనని. ఆమె తక్కెడ కింద పెట్టింది. "నీ వదిన మీటింగుల నిలవడి చెప్పిందట గదా" అన్నది. చెప్పిందన్న. తక్కెడ మళ్ల ఎత్తింది. టమాటలు జోకి, నా సంచిల పోసి, "ఆలస్యమైందని చెప్పు" అన్నది. చెప్పుమన్నది గనుక చెప్తున్న.

నీకు జవాబు రాద్దామని పొద్దటికెల్లి కూసున్న. కాయితాలు చింపుతున్న. నీ ఉత్తరంల వెక్కిరించనీకి ఏమన్న ఉన్నదా అని మొదటికెల్లి ఆఖరు దాక ఎతికిన. ఏం దొరకలే.

సంగీత